ఐసు పెట్టెలో నేల ఉసిరి

నేను ఇచ్చింది నేల ఉసిరి. అది నేల ఉసిరి కాదని ఒక కాలేజీవాళ్ళు అచ్చు వేశారు. ఊరికే కాదనలేదు. ఇంగ్లీషులో, రంగుల బొమ్మతో, గీతల పటాలతో, చివర బోలెడు పుస్తకాల పేర్లు పేర్చి మరీ కాదన్నారు. "స్థానికుడు ఒకరు" గుర్తుపట్టి ఇచ్చిన మొక్క కావడం వల్ల ఇలా జరిగిందనీ, ఇకముందు పరిశోధన చేసేవాళ్ళు ఇలాంటివాళ్ళ మాట నమ్మి మొక్కలు పట్టుకెళ్ళకూడదనీ ఆఖర్న హితవు కూడా చెప్పారు.

ఆ స్థానికుణ్ణి నేనే.

నేను కాలువ లస్కరుగా చేసి రిటైరైనవాణ్ణి. లస్కరంటే ఎవరో తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. కాలువ గట్టు మీద నడవాలి. తూము తలుపులు ఎత్తాలి, దించాలి. గేజి రాయి దగ్గర నీటిమట్టం చూసి పుస్తకంలో రాయాలి. గట్టుకు కన్నం పెట్టి చేలోకి నీళ్ళు తిప్పుకున్న పెద్దమనుషుల పేర్లు పైకి రాయాలి. ఈ చివరిపని కూడా చేసినందువల్ల నేను లస్కరుగా చేరి లస్కరుగానే దిగాను.

బడి చదువు ఏడో తరగతితో ఆగింది. గట్టు మీద రోజూ అంత దూరం నడిచేవాడు కాళ్ళ దగ్గర ఏముందో చూసుకోకపోతే పిచ్చెక్కుతుంది. కాలువ బంగళాలో చెదలు తినగా మిగిలిన మొక్కల పుస్తకం ఒకటి వంటవాడి పొయ్యిలోకి పోబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. అది ఇంగ్లీషు. నాకు రాదు. డిక్షనరీ కొనుక్కున్నాను. మొదట్లో ఒక పేజీకి పది రోజులు పట్టేది. "ఆ పుస్తకాన్నే పెళ్ళాడవలసిందండీ, నన్నెందుకు తెచ్చుకున్నారు?" అనేది మా ఆవిడ. గట్టు మీద కొత్త మొక్క కనబడితే ఒక రెమ్మ తెంపి, పాత గేజి పుస్తకం కాగితాల మధ్య పెట్టి, పైన సన్నికల్లు బరువు పెట్టేవాణ్ణి. పక్కన తేదీ, తూము నంబరు రాసేవాణ్ణి. పచ్చడి నూరుకుందామని మా ఆవిడ వస్తే సన్నికల్లు కింద గడ్డి ఉండేది. ఆ కాపురం ఎలా సాగిందో నాకే తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. నేల ఉసిరి అని మనవాళ్ళు పిలిచేవి రెండున్నాయి. ఒకదాని కాడ లేత ఆకుపచ్చగా ఉంటుంది. రెమ్మ తిరగేసి చూస్తే చిన్న చిన్న కాయలు సన్నటి తొడిమలకు వేలాడుతూ కనిపిస్తాయి, తడిమితే నున్నగా ఉంటాయి. రెండోదాని కాడ ఎరుపు తిరిగి ఉంటుంది. కాయకు తొడిమ ఉందో లేదో అన్నట్టు రెమ్మకే అతుక్కుని ఉంటుంది, తడిమితే గరుకు. కామెర్లకు మన పెద్దలు నూరి మజ్జిగలో ఇచ్చింది మొదటిది. (నన్నడిగితే ముందు ఆసుపత్రికి పొమ్మంటాను, అది వేరే సంగతి.) ఫిల్లాంథిన్ అనే పదార్థం ఉండేది ఆ పచ్చకాడ దాని ఆకుల్లోనే. ఎర్రకాడ దాంట్లో భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. ఇది నేను కనిపెట్టింది కాదు. కనిపెట్టినవాళ్ళు రాశారు, నేను చదివాను. చదివితే ఎవరికైనా తెలుస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

రిటైరయ్యాక మా ఊరి హైస్కూలు వెనక ఖాళీ జాగాలో ఔషధ మొక్కల తోట వేశాను. రేకు ముక్కలు కత్తిరించి, నల్లరంగు పూసి, తెల్లని అక్షరాలతో నలభై మొక్కలకు పేరుపలకలు రాశాను. తెలుగు పేరు పైన, లాటిన్ పేరు కింద. శనివారం ఆఖరి పీరియడ్‌లో సైన్సు మాస్టారు తొమ్మిదో తరగతివాళ్ళను తెచ్చి కూర్చోబెడితే ఒక్కో మొక్క దగ్గరా నిలబడి చెప్పేవాణ్ణి. నేను మాట్లాడుతుంటే జనం లేచిపోకుండా కూర్చున్నది నా జన్మలో అక్కడొక్కచోటే.

ఆ తోట సంగతి విని మేడమ్‌గారు మా ఇంటికి వచ్చారు. కాట్రేనికోన వైపు మనిషి. ముప్పై అయిదు దాటి ఉంటాయి. పట్నంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, అక్కడే ఒక ప్రొఫెసరుగారి కింద పీహెచ్‌డీ చేస్తున్నారు. భర్తకు రొయ్యల చెరువులు, రొయ్యలు తోలే వ్యాను ఉన్నాయి. మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను, తరవాత చెబితే మీరు నమ్మరు.

"బాబయ్యగారండీ, మన కాలువ గట్ల మీద నేల ఉసిరిలో ఫిల్లాంథిన్ ఏమాత్రం ఉందో తీద్దామనుకుంటున్నానండి. మంచి మొక్క మీరు చూపిస్తారని స్కూల్లో చెప్పేరండి" అన్నారు.

"తీయొచ్చమ్మా. దేంట్లో తీస్తారు?"

"మెథనాల్‌లోనండి. అంటే... అదొక రకం స్పిరిట్‌లాంటిదండి."

"సాక్స్‌లెట్‌లో పెడతారా, ఊరికే నానబెడతారా?"

ఆవిడ నా గళ్ళ లుంగీ వైపు ఒకసారి, మొహం వైపు ఒకసారి చూశారు. "సాక్స్‌లెట్‌లోనేనండి" అన్నారు, కొంచెం సర్దుకుని కూర్చుంటూ.

సాక్స్‌లెట్ అంటే ఒక గాజు సరంజామా. కింద గాజు బుడ్డిలో స్పిరిట్ మరుగుతుంది. ఆవిరి పైకి పోయి, చల్లబడి, చుక్కలు చుక్కలుగా ఆకు పొడి మీద పడుతుంది. సారం పట్టుకుని మళ్ళీ కింద బుడ్డిలోకి జారుతుంది. కాఫీ ఫిల్టరు తన డికాషన్‌ను తానే మళ్ళీ మళ్ళీ కాచుకుని పోసుకుంటూ కూర్చుంటే ఎలా ఉంటుందో అలాగన్నమాట. ఆ సారాన్ని తరవాత పెద్ద మెషిన్‌లోకి ఎక్కిస్తే, అందులో ఏ పదార్థం ఎంతుందో గీత గీసి చూపిస్తుంది. మెషిన్ అబద్ధమాడదు. దానికి ఏది తాగిస్తే దాని సంగతే చెబుతుంది. ఎవరు తాగించారో, ఎక్కణ్ణించి తెచ్చారో దానికి అక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే పి.గన్నవరం అక్విడెక్టు దాటాక ఉన్న గట్టు మీదికి తీసుకెళ్ళాను. మంచు ఆరాక, వేళ్ళతో సహా పచ్చకాడ మొక్కలు పెద్ద కట్ట పీకి ఇచ్చాను. ఎర్రకాడది పక్కనే ఉంటే అదీ చూపించాను. తొడిమ తేడా చూపించాను. ఆవిడ ఫోను దగ్గరగా పెట్టి చూశారు గాని, ఫోటో తీసింది ఎక్కువగా అక్విడెక్టుకు. అలవాటు కొద్దీ ఆ కట్టలోంచే ఒక రెమ్మ నేను వేరే తీసి ఉంచుకున్నాను.

"దీన్ని నీడన ఆరబెట్టాలమ్మా. మా వసారాలో చాప మీద వారం రోజులు ఉంచి ఇస్తాను. పొడి కొట్టుకుని పట్టుకెళ్ళండి" అన్నాను.

"లేదండీ, మా సారు ఫ్రెష్‌గా తెమ్మన్నారండి. ఆరబెట్టడం ల్యాబ్‌లోనే చెయ్యాలండి, టెంపరేచర్ రాసుకుంటూ."

ఆయన కోరికలో తప్పేమీ లేదు. తప్పు వ్యానులో వచ్చింది.

మా కోనసీమలో ఈమధ్య పట్నం వెళ్ళేది ఏదైనా సరే ఒకటే తెల్ల థర్మోకోల్ పెట్టెలో వెళుతుంది. రొయ్యలు దాంట్లోనే, చేపలు దాంట్లోనే, పెళ్ళివారి పూలదండలు దాంట్లోనే, అత్తగారు అల్లుడికి పంపే పులస ముక్కలూ దాంట్లోనే. ఫ్రెష్ అన్నమాట చెవిన పడితే చాలు, ఎవడో ఒకడు ఐసు కొట్టడం మొదలుపెడతాడు. మేడమ్‌గారి భర్త పంపిన వ్యాను గట్టు కింద ఆగింది. డ్రైవరు దిగి పెట్టె తెరిచి, అడుగున ఒక వరస ఐసు పరిచాడు. మీద ఒక వరస నేల ఉసిరి. మీద మళ్ళీ ఐసు. మళ్ళీ నేల ఉసిరి. చేతులు వాటంతట అవే ఆడుతున్నాయి. ఎన్నాళ్ళ అలవాటో.

"రెండు రోజులైనా ఇలాగే ఉంటాయండి. మీసం కూడా వాడదండి" అన్నాడు.

"రొయ్యలు కాదురా బాబూ, మొక్కలు" అన్నాను.

"అయితే మరీ మంచిదండి, కరవ్వు."

మేడమ్‌గారు నవ్వారు. "ఫ్రెష్‌గా ఉంటాయండి, బాబయ్యగారండీ. మా వారు అన్నీ ఇలాగే పంపుతారండి."

"పంపండమ్మా, పంపండి. తలకాయలు తీసేసి పంపితే రేటు ఇంకా బాగా వస్తుంది" అన్నాను.

అందరం నవ్వుకున్నాం. పెట్టెకు చుట్టూ టేపు వేశారు. వ్యాను వెళ్ళిపోయింది. చదువుకున్నవాళ్ళు, దారిలో వాళ్ళకే తోస్తుందిలే అనుకుని నేను ఇంటికి వచ్చి, వేరే తీసి ఉంచుకున్న రెమ్మను గేజి పుస్తకంలో పెట్టి పైన సన్నికల్లు పెట్టాను.

తరవాత కొన్నాళ్ళకు పోస్టులో కవరు వచ్చింది. లోపల అచ్చయిన కాగితాలు, మీద మేడమ్‌గారి చేతిరాతతో "మీ సహాయానికి కృతజ్ఞతలతో" అని. మా ఆవిడకు చూపించి, గోడనున్న క్యాలెండరు తీసి ఆ మేకుకు తగిలిద్దామా అనుకున్నాను. చదివే తగిలిద్దామని డిక్షనరీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మూడో రోజు మధ్యాహ్నానికి ఆఖరి పేజీకి వచ్చాను. అక్కడ ఉంది ఇందాక చెప్పిన హితవు. మళ్ళీ వెనక్కి తిరగేసి రంగుల బొమ్మ చూశాను. కాడ ఎర్రగా ఉంది. భూతద్దం పెట్టాను. కాయకు తొడిమ లేదు.

అది నా మొక్క కాదు. నా తూము దగ్గర మొక్క కాదు. అసలు ఆ మట్టే మన మట్టి కాదు, కంకర కనిపిస్తోంది. నేనివ్వని మొక్కను నేనిచ్చానని రాసి, అది తప్పు మొక్కని తేల్చి, ఆ తప్పు నామీద వేశారు. ఇంత పని పోలీసులు కూడా ఒక్కరోజులో చెయ్యలేరు.

ఈ కాగితం మా ఇంటికొక్కదానికే వచ్చి ఉంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణేమో. హైస్కూలుకు కూడా ఒక కాపీ పంపారు, తోట చూపించిన కృతజ్ఞతతో. హెడ్‌మాస్టరుగారు ఇంగ్లీషాయన. మొదటి పేజీ, ఆఖరి పేజీ చదివి నన్ను పిలిపించారు. నేను వెళ్ళేసరికి నా నలభై పలకలూ పీకేసి, స్టోరు గదిలో విరిగిన బెంచీల కింద కట్టకట్టి పెట్టి ఉన్నాయి.

"ఒకటి తప్పని వాళ్ళు రాస్తే నలభై పీకేస్తారాండీ?" అన్నాను. "తక్కిన ముప్పై తొమ్మిదీ ఏం చేసేయి?"

"నేనూ అదే అడుగుతున్నానండి. ఒకటి తప్పైతే తక్కిన ముప్పై తొమ్మిదీ ఏమిటాండీ? పిల్లలకు తప్పు చెప్పించేరని రేపెవరైనా పైకి రాస్తే సమాధానం చెప్పుకోవలసింది నేను కదండీ."

పైకి రాయడం గురించి నాకు తెలిసినంత ఆయనకు తెలియదు.

"మీరంటే గౌరవం లేక కాదండి. ఆ కాలేజీ నుంచే మీ మొక్క సరైందేనని ఒక కాగితం తెండి. మర్నాడే అన్నీ పాతించేస్తాను. ఆయ్. శనివారం క్లాసు కూడా అప్పుడే మొదలుపెడదామండి."

శనివారం ఆఖరి పీరియడ్‌కు పిల్లల చేత మైదానంలో రాళ్ళు ఏరించడం మొదలుపెట్టారు. తోటలో పలకలు తీసిన గుంటలు నలభై మిగిలాయి.

టీ దుకాణం దగ్గర సంగతి ఇక చెప్పనక్కర్లేదు. "డాక్టరుగారండీ, మా ఆవిడ దీన్ని కరివేపాకని తెచ్చిందండి. నిజమేనా, లేకపోతే కాలేజీకి పంపమంటారా?" అని ఒకడు. "ఐసులో పెట్టి పంపరా, మీసం వాడదు" అని ఇంకొకడు. వ్యాను డ్రైవరు నోరు ఎంత దూరం వెళ్ళిందో నాకు అప్పుడు తెలిసింది. నలభై ఏళ్ళుగా గట్టు మీది ప్రతి ఆకు పేరూ నన్నడిగి చెప్పించుకున్నవాళ్ళు వీళ్ళే. వీళ్ళ పశువులకు పొట్ట ఉబ్బితే ఏ ఆకు తిన్నదో చూడ్డానికి నన్ను నిద్రలేపి పట్టుకెళ్ళినవాళ్ళు కూడా వీళ్ళే.

"నేను కాలేజీకి వెళుతున్నాను" అన్నాను ఇంట్లో.

"చేర్చుకుంటారాండీ ఈ వయసులో?" అంది మా ఆవిడ. అంది గాని, అట్లు పోసి పొట్లం కట్టింది.

రెండు రకాలూ వసారాలో నీడన ఆరబెట్టాను. పచ్చకాడది ఒక గుడ్డసంచీలో, ఎర్రకాడది ఇంకో గుడ్డసంచీలో పోసి, వేటికవి చీటీలు కుట్టాను. గేజి పుస్తకం చంకలో పెట్టుకుని రావులపాలెంలో బస్సు మారాను. నా పక్క సీట్లో అరటిగెల ఒకటి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. దాని యజమాని నిలబడ్డాడు. నన్ను కూర్చోమన్నాడు గాని గెలను లేవమనలేదు.

ప్రొఫెసరుగారి గది చల్లగా ఉంది. బయట బల్ల మీద గంటన్నర కూర్చోబెట్టినా లోపలికి పిలిచి మంచినీళ్ళు ఇప్పించారు. మేడమ్‌గారు కూడా అక్కడే ఉన్నారు, గోడ పక్కన, ఫైలు పట్టుకుని. నన్ను చూసి నమస్కారం పెట్టారు. ఆ తరవాత నా వైపు చూడలేదు.

"మీరు వైద్యం చేస్తారా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"లేదండి. లస్కర్నండి."

"లస్కర్ అంటే?"

చెప్పాను. కన్నాల సంగతి మినహాయించి.

"చూడండి పెద్దాయనా, మీ బాధ నాకు అర్థమైంది. తరతరాల నమ్మకాలు ఉంటాయి. సైన్సు వాటిని కాదంటే కష్టంగానే ఉంటుంది."

"సైన్సు కాదనలేదండి. సైన్సు ఎర్రకాడ దాంట్లో ఫిల్లాంథిన్ లేదంది. సరిగానే చెప్పింది. ఆ ఎర్రకాడది నేనివ్వలేదంటున్నాను."

"మీరు ఇచ్చినట్టు మా రికార్డులో ఉందండి."

"మీ వోచరు ఏదండి?"

ఆయన నన్ను మళ్ళీ ఒకసారి చూశారు. వోచరంటే బిల్లు కాదు. ఏ మొక్క మీద పరిశోధన చేసినా ముందు ఆ మొక్క రెమ్మ ఒకటి నొక్కి ఆరబెట్టి, అట్ట మీద కుట్టి, ఎక్కడ ఎప్పుడు ఎవరు తెంపారో రాసి దాచాలి. రేపెవరైనా అనుమానపడితే తీసి చూపించడానికి. మొక్కల చదువులో ఇది ఓనమాలు. నేనది చెదలు తిన్న పుస్తకంలో మిగిలిన పేజీల్లోనే చదివాను. అంటే చెదపురుగు కూడా అక్కర్లేదని వదిలేసిన సంగతన్నమాట.

"హెర్బేరియం షీటు... వేశామా మేడమ్?" అన్నారు ఆయన.

"వెయ్యలేదండి సార్. టైము లేక..."

నేను గేజి పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఒకవైపు పేజీలో ఎప్పటిదో నీటిమట్టం అంకెలు. వాటి మీద ఆ రోజు నొక్కిన రెమ్మ. తేదీ, తూము నంబరు. కాడ ఆరినా పచ్చదనం తెలుస్తోంది. తొడిమలు దారప్పోగుల్లా నిలిచి ఉన్నాయి. ప్రొఫెసరుగారు వంగి చూశారు. చాలాసేపే చూశారు. నాకు ఒక్క క్షణం ఆయనమీద ఆశ పుట్టింది.

"బాగుందండి. కానీ ఇది అచ్చయిపోయింది" అన్నారు, నిటారుగా కూర్చుంటూ. "అచ్చయినదాన్ని ఇప్పుడు ఏం చెయ్యగలం?"

"తప్పని మళ్ళీ అచ్చు వెయ్యొచ్చండి. ఈ రెండు సంచులూ మెషిన్‌లో పెట్టి చూడండి."

"వచ్చినవాళ్ళందరివీ మెషిన్‌లో పెట్టం కదండీ."

"మెషిన్ అక్కర్లేదండి. పలకకు తెల్లపొడి పూసి సారం చుక్క పెట్టి పాకించే పద్ధతుంది కదా. పల్చటి ప్లేటు. పూటలో తేలిపోతుంది."

"మీటింగుంది నాకు" అన్నారు ఆయన. సంచులు రెండూ బల్ల మీదే వదిలి, గేజి పుస్తకం మాత్రం చంకలో పెట్టుకుని లేచాను. మేడమ్‌గారు ఇంకా గోడ పక్కనే ఉన్నారు.

మెట్ల దగ్గర ల్యాబ్ అటెండరు కలిశాడు. రాజోలు వైపు మనిషి, నా యాస విని వెనకే వచ్చాడు.

"ఆ ఐసుపెట్టె మొక్కలు మీవేనాండీ? బాబోయ్, నేనే విప్పేనండి. వ్యాను రావులపాలెంలో లోడు కోసం ఒక పూటంతా ఆగిపోయిందంట. ఐసంతా నీళ్ళు. మొక్కలు పేడలా నల్లగా అయిపోయేయండి. వాసనకి పక్క ల్యాబ్‌వాళ్ళు కూడా వచ్చేరు. సింకులో పడేస్తే అది కూడా పూడిపోయింది, మళ్ళీ నేనే తీసేను."

"మరి మెషిన్‌లో ఏం పెట్టేరు?"

"మెషిన్ వీళ్ళకిచ్చిన రోజు దగ్గరకొచ్చేసిందండి. మళ్ళీ ఎప్పుడో. మేడమ్‌గారు హాస్టల్ వెనక కంకర్లో మొలిచింది పీక్కొచ్చేరు. నేలుసిరే కదండీ ఇదీ, అన్నారు. నేనూ అంతేననుకున్నాను. మీకిది చెప్పినట్టు ఎవరికీ చెప్పకండేం, ఉద్యోగం."

ఇప్పుడు రాస్తున్నాను గాని అతని పేరు నాకు తెలియదు. అడగలేదు కూడా.

ఇంటికొచ్చి ఉత్తరాలు మొదలుపెట్టాను. ప్రొఫెసరుగారికి రెండు. కాలేజీ ప్రిన్సిపాలుగారికి ఒకటి. జవాబు లేదు. కాగితం అచ్చు వేసిన పత్రికకు ఇంగ్లీషులో ఒకటి. అది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ప్రతి మాటా డిక్షనరీలో చూసి, రెండు మొక్కల తేడా, తొడిమల సంగతి, ఐసు సంగతి అన్నీ వివరంగా రాసి, నెట్ సెంటరులో కొట్టించి పంపించాను. వాళ్ళ జవాబు మాత్రం మర్నాడే వచ్చింది. నెట్ సెంటరు అతనే చదివి పెట్టాడు. "ప్రియమైన డాక్టరుగారికి" అని మొదలైంది. నేను పంపిన విలువైన రచన చూసి వాళ్ళు ముగ్ధులయ్యారట. నావంటి ప్రముఖ శాస్త్రవేత్త వాళ్ళ సంపాదకవర్గంలో చేరితే ఎంతో గౌరవంగా భావిస్తారట. ఒక ఫోటో పంపమన్నారు.

"చేరండి. ఫోటోలో ఆ లుంగీ కనబడకుండా చూసుకోండి" అంది మా ఆవిడ.

అంటే నేను మొక్క గుర్తుపట్టలేని స్థానికుణ్ణని అచ్చు వేసిన పత్రికే, నేను ప్రముఖ శాస్త్రవేత్తనని కూడా ఒప్పుకుంది. రెండూ చదవకుండానే. ఆ జవాబు కాపీ తీయించి హెడ్‌మాస్టరుగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "మొక్క సరైందేనని ఇందులో ఎక్కడా లేదు కదండీ" అన్నారు. అదీ నిజమే. ఇంగ్లీషాయన కదా, ఆ మాత్రం చూస్తారు.

నెలలు గడిచాయి. తోటలో నేల ఉసిరి విత్తనం రాలి మళ్ళీ మొలిచింది. అది నేల ఉసిరేనని చెప్పడానికి దానికి పలక అక్కర్లేకపోయింది. నాకే కావలసి వచ్చింది. హెడ్‌మాస్టరుగారు ఎదురుపడినప్పుడల్లా "కాగితం ఏమైనా వచ్చిందాండీ?" అని అడిగేవారు, ఎంతో మర్యాదగా. నేను దారి మార్చి నడవడం మొదలుపెట్టాను. ఎన్నడూ ఎవరికీ దారి ఇవ్వకుండా గట్టు మీద నడిచినవాణ్ణి.

చివరికి ఒకరోజు రిజిస్టర్ పోస్టులో జవాబు వచ్చింది. ప్రొఫెసరుగారి నుంచి కాదు, ప్రిన్సిపాలుగారి నుంచీ కాదు. మేడమ్‌గారి నుంచి. చేత్తో రాసిన నాలుగు పేజీలు. కుశలప్రశ్నలు వదిలేసి తక్కినదంతా ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఒకచోట మార్చేద్దామనిపించింది. మార్చలేదు.

"మీరు సార్‌గారి బల్ల మీద వదిలి వెళ్ళిన రెండు సంచులూ నేను దాచానండి. సెలవుల్లో ల్యాబ్ ఖాళీగా ఉన్నప్పుడు రెండూ విడివిడిగా మెథనాల్‌లో తీసి, ఒకే ప్లేటు మీద పక్కపక్కన చుక్కలు పెట్టి నడిపాను. మూడో చుక్క మా దగ్గరున్న శుద్ధమైన ఫిల్లాంథిన్. మందు చల్లి వేడి చేస్తే, మీ పచ్చకాడదానికి ఫిల్లాంథిన్ ఎత్తులోనే, అదే రంగులో మచ్చ తేలింది. ఎర్రకాడదానికి ఆ చోట ఏమీ రాలేదు. నమ్మకం కుదరక మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే వచ్చింది. మీరిచ్చింది నేల ఉసిరే. హాస్టల్ వెనక నేను పీకింది కాదు.

మీ కట్ట ఐసు నీళ్ళలో కుళ్ళిపోయిందని సార్‌తో చెప్పడానికి భయపడ్డాను. మెషిన్ రోజు దాటిపోతుందని ఇంకో కట్ట కోశాను. మొక్క నాది పెట్టి, ఇచ్చినవారు మీరని రాశాను. ఇది తప్పని రాస్తున్నప్పుడే నాకు తెలుసు. ఆఖరి పేజీలో ఆ సలహా సార్ రాశారు. చదివి కూడా నేను కొట్టెయ్యలేదు.

ఒక్కమాట రాయకుండా ఉండలేను, కోపం తెచ్చుకోకండి. ఆ రోజు ఐసు వేస్తుంటే అవి పాడైపోతాయని మీకు తెలుసు. తలకాయలు తీసి పంపమన్నారు. మేమందరం నవ్వాం. ఐసు వెయ్యొద్దమ్మా, కుళ్ళిపోతుంది అని ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను వినేదాన్ని. సాక్స్‌లెట్ గురించి అడిగినప్పుడే మీకు నాకంటే ఎక్కువ తెలుసని అర్థమైంది, అందుకే వినేదాన్ని. మీరు చెప్పలేదు. నాకు తెలియదని తేలితే చూద్దామనుకున్నారు. ఆ రోజు మీ మొహం నాకు బాగా గుర్తుంది.

దిద్దుబాటు వెయ్యడానికి సార్ ఒప్పుకోలేదు. ఒకటి దిద్దితే తక్కినవన్నీ అనుమానిస్తారన్నారు. నేను ఒక్కదాన్నే సంతకం పెట్టి పత్రికకు రాశాను. నా పీహెచ్‌డీలోంచి ఆ అధ్యాయం తీసేశాను. అది మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, ఇంకో ఏడాది పడుతుంది. సార్ నాతో మాట్లాడటం లేదు. మీ హెడ్‌మాస్టరుగారికి ప్లేటు ఫోటోతో సహా వేరే కవరులో కాగితం పంపాను. ఈపాటికి అంది ఉంటుంది.

పత్రికవాళ్ళు దిద్దుబాటు వేస్తారో లేదో నాకు తెలియదండి. నన్ను సంపాదకవర్గంలో చేరమని మాత్రం రాశారు. మళ్ళీ రాస్తాను."